శరణార్థి రక్షణ: బాధ్యత ఎవరిది, వాటా ఎంత

(1942లో బర్మా నుంచి కాలినడకన వస్తూ దారిలో ప్రాణాలు విడిచిన తెలుగు వలసకూలీల స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)

ప్రాణభయంతో దేశం దాటి వచ్చిన మనిషికి రెండు కావాలి. ఒకటి, ఏ ప్రమాదం నుంచి పారిపోయి వచ్చాడో మళ్ళీ అక్కడికే తరిమేయకుండా ఉండటం. రెండు, వచ్చిన చోట తలదాచుకోవడానికి తావు, చేసుకోవడానికి పని, పిల్లలకు బడి, జబ్బు చేస్తే వైద్యం. మొదటి విషయంలో ప్రపంచ దేశాలు 1951లోనే ఒప్పందం రాసుకున్నాయి. రెండోదానికి అయ్యే ఖర్చు ఏ దేశం ఎంత భరించాలో ఇంతవరకూ కట్టుబాటు కుదరలేదు. ఆ లోటు ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్ల మంది. వారిలో దేశం దాటి రక్షణ కోరుతున్న శరణార్థులు 4.27 కోట్లు. వీరిలో నూటికి 73 మందికి ఆశ్రయం ఇస్తున్నవి పేద, మధ్యాదాయ దేశాలే. నూటికి 67 మంది పొరుగుదేశంలోనే ఆగిపోయారు. భారాన్ని ఎవరు మోయాలో భూగోళమే నిర్ణయిస్తోంది.

పలాస, టెక్కలి, ఉద్దానం తీరానికి ఈ సమస్య కొత్తది కాదు. ఇక్కడి నుంచి రంగూన్‌కు వెళ్ళినవారు 1942లో ఒకసారి, 1964 తర్వాత మరొకసారి సర్వం వదిలి వెనక్కి రావలసి వచ్చింది. బాధ్యతను ముందుగా పంచుకోని చోట మనుషులకు ఏమవుతుందో ఆ చరిత్ర చూపిస్తుంది.

రంగం వలస

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. వర్షాధారపు పంటలు, జమీందారీ శిస్తులు, తరచూ వచ్చే కరువులు ఇక్కడి కూలీలను సముద్రం దాటించాయి. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కు ఓడలు నడిచేవి. రంగూన్‌ను ఇక్కడివారు రంగం అనేవారు. ఊళ్ళోకి మేస్త్రీ వచ్చి బయానా ఇచ్చేవాడు. ఓడ చార్జీ, తిండి ఖర్చు ఆ బాకీలోనే కలిసేవి. అక్కడ చేసే కూలిలో మేస్త్రీ తన వాటా కోసుకునేవాడు. రెండు మూడేళ్ళు పనిచేసి, చేతిలో కాస్త డబ్బు పడ్డాక ఊరికి వచ్చి, మళ్ళీ వెళ్ళడం ఆనవాయితీ.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బియ్యం బస్తాలు ఓడల్లోకి ఎత్తే పని, ధాన్యం మిల్లుల పని, రిక్షా లాగడం, వీధులు ఊడ్చి పాకీపని చేయడం ఎక్కువగా తెలుగు కూలీల వంతు.

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. గుత్తేదార్లు వారి చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. ఇద్దరూ పేదలే, ఒకరి పొట్ట మీద ఒకరిని కొట్టించిన ఆ పద్ధతి అల్లర్లకు దారి తీసింది. తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1937 ఏప్రిల్ 1న బర్మా పరిపాలన భారతదేశం నుంచి విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. 1941లో రెండు ప్రభుత్వాలూ వలసపై ఒక ఒప్పందం చేసుకున్నాయి. బర్మాలోకి ఎవరు రావచ్చు, ఏ షరతుల మీద రావచ్చు అన్నదే దాని సారాంశం. ఆపద వస్తే ఆ పది లక్షల మందిని కాపాడే బాధ్యత ఎవరిదో ఏ కాగితం మీదా లేదు.

1942: ముందు అనుకోని నడక

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీల బస్తీలు ఖాళీ అయ్యాయి. జనం ఉత్తరాన ప్రోమ్ వైపు నడిచారు. రేవులో సరుకు దించేవారు లేకపోతే యుద్ధం సాగదు గనుక ప్రభుత్వం చాలామందిని నచ్చజెప్పి వెనక్కి తెచ్చింది. ప్రోమ్ దగ్గర ఇరావతి నది దాటకుండా వయసు మగవాళ్ళను కొంతకాలం ఆపింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడ దారి మూసుకుపోయింది.

మిగిలినవి అడవి దారులు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి తౌంగప్‌కు, అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్‌కు, ఆపైన చిట్టగాంగ్‌కు ఒక దారి. తము మీదుగా మణిపురానికి, ఇంఫాల్ నుంచి దీమాపూర్ రైలు దాకా రెండోది. హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లేడోకు మూడోది. వానలు మొదలయ్యాక ఇదే అన్నిటిలోకీ ప్రాణాంతకమైంది. తౌంగప్ దారిలో నీళ్ళు లేవు, కలరా ఉంది. మొత్తం మీద సుమారు 5 లక్షల మంది బర్మా నుంచి భారతదేశానికి చేరారని అంచనా. దారిలో ఎందరు చనిపోయారన్నదానికి అంచనాలు 10 వేల నుంచి 80 వేల దాకా ఉన్నాయి. ఇంత తేడా ఉండటమే అసలు సంగతి చెబుతోంది: చనిపోయినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు.

వీరందరూ బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలే. ఒక బ్రిటిష్ పాలిత ప్రాంతం నుంచి మరొక దానికి వస్తున్నారు. అయినా బర్మా ప్రభుత్వానికి రేవు నడవటం ముఖ్యం, సైన్యానికి రోడ్డు ఖాళీగా ఉండటం ముఖ్యం, భారత ప్రభుత్వం సరిహద్దు దగ్గర ఏర్పాట్లు మొదలుపెట్టేసరికి జనం దారిలో ఉన్నారు. విమానాల్లో, ఓడల్లో, మంచి దారుల్లో తెల్లవారికి ముందు చోటు దక్కిందని దేశమంతటా నిరసన వచ్చింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో విదేశీ భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. ఆణే, ఆయనతో కలిసి హృదయనాథ్ కుంజ్రూ ఆ దారులకు వెళ్ళి స్వయంగా చూశారు. అస్సాం వైపు శిబిరాలు వేసి, గంజి కాసి, దారులు బాగుచేసిన పనిలో పెద్ద భాగం తేయాకు తోటల సంఘానిది, తోట కూలీలది.

బతికి బయటపడ్డవారికి ఉద్దానం చేరే రైలు దారి కలకత్తా నుంచి వాల్తేరుకు వచ్చేదే. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ స్టేషన్లు ఆ దారిలోవే. అక్కడితో ప్రభుత్వాల బాధ్యత దాదాపు ముగిసింది. ఆ తర్వాత వారిని మోసింది బంధువుల కుటుంబాలు. అప్పటిదాకా రంగం నుంచి వచ్చే డబ్బుతో గడిచిన ఇళ్ళు, ఆ డబ్బు ఆగిపోయిన రోజునే, ఇంకో నలుగురికి అన్నం పెట్టవలసి వచ్చింది.

1964: తిరిగి వచ్చినవారు

యుద్ధం ముగిశాక వెనక్కి వెళ్దామనుకున్నవారికి 1947లో బర్మా తెచ్చిన వలస నియంత్రణ చట్టం అడ్డు వచ్చింది. 1948లో స్వతంత్ర బర్మా పౌరసత్వ చట్టం చేసింది. అక్కడ ఉండిపోయిన భారతీయుల్లో చాలామంది దరఖాస్తు చేసుకోలేదు. చేసుకున్నవారిలో చాలామందివి తేలలేదు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాయి, పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఓడ ఎక్కేవారు వెంట తెచ్చుకునే నగలు, నగదు మీద కఠిన పరిమితులు పెట్టారు. ఆ దశాబ్దంలో లక్షన్నరకు పైగా భారతీయులు తిరిగి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆనాటిదే.

1942తో పోలిస్తే ఈసారి ఒక తేడా ఉంది. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చినవారికి పునరావాసం తన బాధ్యత అని భారత ప్రభుత్వం ఒప్పుకుంది. కేంద్రం డబ్బు, అప్పులు ఇచ్చింది. రాష్ట్రాలు స్థలం, ఉపాధి చూపించాయి. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగి వచ్చినవారి కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడింది; అందులో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక ప్రభుత్వాలకు వాటాలున్నాయి. చేసిన సాయం చాలిందని అనలేం. కానీ తేదీ, అర్హత, ఖర్చు పెట్టేవారు, స్థలం ఇచ్చేవారు నిర్ణయమై ఉండటం వల్ల వచ్చినవారు ఎవరిని అడగాలో తెలిసింది. ఒక దేశం లోపల బాధ్యతల పంపకం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇది తగిన ఉదాహరణ.

అంతర్జాతీయ చట్టం చెప్పేది

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి తరఫున ఫ్రిట్యాఫ్ నాన్సెన్, దేశం లేనివారికి ప్రయాణ పత్రాలు ఇప్పించాడు. 1938లో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు యూదు శరణార్థుల గురించి సమావేశమై, దాదాపు ఉత్తచేతులతో లేచిపోయాయి. ఆ వైఫల్యం మూల్యం ఏమిటో తర్వాతి ఏడేళ్ళలో లోకం చూసింది. 1951 జులై 28న జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒప్పందం వెనుక ఆ అనుభవం ఉంది.

జాతి, మతం, జాతీయత, ఏదైనా ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం అనే అయిదు కారణాల్లో దేనివల్లనైనా హింస జరుగుతుందన్న సహేతుకమైన భయంతో తన దేశం బయట ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని వ్యక్తి ఈ ఒప్పందం ప్రకారం శరణార్థి. 33వ అధికరణం అతణ్ణి ప్రమాదంలోకి తిప్పి పంపరాదని చెబుతుంది. మొదట ఐరోపాకు, 1951కి ముందటి ఘటనలకు వర్తించిన ఈ నియమాన్ని 1967 ప్రోటోకాల్ లోకమంతటికీ, అన్ని కాలాలకూ విస్తరించింది. 1969లో ఆఫ్రికా దేశాలు, 1984లో కార్టజీనాలో లాటిన్ అమెరికా దేశాలు యుద్ధం, అరాచకం వల్ల పారిపోయినవారిని కూడా ఈ నిర్వచనంలో చేర్చుకున్నాయి. తుపాను వల్ల ఊరు వదిలినవారు దీని కిందికి రారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు ఉద్దానం నుంచి పనుల కోసం బయటికి వెళ్ళినవారి బాధ్యత అంతర్జాతీయ చట్టం దృష్టిలో వారి సొంత ప్రభుత్వానిదే.

బాధ్యతల పంపకం గురించి 1951 ఒప్పందంలో ఉన్నది పీఠికలోని ఒక వాక్యమే. ఆశ్రయం ఇవ్వడం కొన్ని దేశాలకు మోయలేని భారం కావచ్చుననీ, అంతర్జాతీయ సహకారం లేకుండా పరిష్కారం దొరకదనీ దాని భావం. వాటాలు, లెక్కలు, గడువులు ఏమీ లేవు. శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం బడ్జెట్ కూడా దాదాపు పూర్తిగా దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాల మీద నడుస్తుంది.

పంచుకున్న సందర్భాలు

నియమం లేకపోయినా, తలచుకున్నప్పుడు దేశాలు పంచుకున్నాయి. 1956లో హంగరీ నుంచి దాదాపు 2 లక్షల మంది ఆస్ట్రియా, యుగోస్లావియాలకు పారిపోయారు. వారిలో అత్యధికుల్ని ముప్పైకి పైగా దేశాలు తమ దగ్గరికి తీసుకున్నాయి. 1979లో వియత్నాం పడవలను మలేసియా, థాయిలాండ్ తీరాల నుంచి వెనక్కి నెట్టేస్తున్నప్పుడు జెనీవాలో సమావేశం జరిగింది. తీరదేశాలు తాత్కాలికంగా ఆశ్రయమిస్తే, దూరదేశాలు వారిని శాశ్వతంగా తీసుకుంటాయన్న అవగాహన కుదిరింది. 1989లో దాన్ని సమగ్ర ప్రణాళికగా రాసుకున్నారు. దూరదేశం మాట ఇచ్చింది కాబట్టే తీరదేశం రేవు తెరిచింది.

దక్షిణాసియాలో మరో రకమైన పంపకం జరిగింది. శ్రీలంక తేయాకు తోటల్లో ఏ దేశ పౌరసత్వమూ లేని 9,75,000 మంది భారత సంతతివారి గురించి 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని శ్రీలంక తీసుకోవాలని నిర్ణయించారు. మిగిలిన లక్షన్నర మందిని 1974లో సగం సగం పంచుకున్నారు. అంకెలు స్పష్టంగా ఉన్నాయి, కానీ ఎక్కడ బతకాలనుకుంటున్నారో ఆ మనుషులను ముందుగా అడగలేదు. వాటా లెక్క కుదిరినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని ఈ ఒప్పందం చెబుతుంది.

ఐరోపా సమాఖ్య 2015లో ఇటలీ, గ్రీసుల నుంచి 1,60,000 మందిని సభ్యదేశాల మధ్య పంచాలని తీర్మానించింది. కొన్ని దేశాలు ఒప్పుకోలేదు. చివరికి 35 వేల మందిని కూడా తరలించలేదు. సంపద, చట్టం, ఉమ్మడి సంస్థలు అన్నీ ఉన్నచోట కూడా రాజకీయ అంగీకారం లేకపోతే పంపకం సాగలేదు.

భారతదేశం: చట్టం లేని ఆశ్రయం

భారతదేశం 1951 ఒప్పందం మీద గానీ 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. దశాబ్దాల పాటు 1946 నాటి విదేశీయుల చట్టం వర్తించింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం వర్తిస్తోంది. ఆచరణలో మాత్రం ఈ దేశం ఎందరికో నీడ ఇచ్చింది.

ఉద్దానానికి ఎగువన, మహేంద్రగిరికి అవతల, ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి దగ్గర 1963లో టిబెట్ శరణార్థుల ఆవాసం ఏర్పడింది. దాని పేరు ఫుంట్సోక్‌లింగ్. కొండ నేల సాగుచేసి మొక్కజొన్న పండించడం, శీతాకాలంలో పట్టణాలకు వెళ్ళి స్వెట్టర్లు అమ్మడం వారి జీవనం. ఉత్తరాంధ్ర పట్టణాల్లో చలికాలపు స్వెట్టర్ల దుకాణాలు ఎన్నో టిబెటన్లవే. నెహ్రూ రాష్ట్రాలను అడిగితే మైసూరు ముందు స్థలం ఇచ్చింది, తర్వాత ఇతర రాష్ట్రాలు ఇచ్చాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారికి 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద నాటి కోరాపుట్, బస్తర్ జిల్లాల్లో భూములిచ్చారు. తెలంగాణలో కాగజ్‌నగర్ దగ్గర కూడా బెంగాలీ ఆవాసాలున్నాయి. దండకారణ్యంలో ఆ భూములు ఆదివాసుల పరిసరాలు. వచ్చినవారికి ఇచ్చిన భూమి అక్కడివారి జీవనాన్ని ఎలా తాకుతుందో ఆలోచించని పునరావాసం కొత్త అన్యాయానికి దారి తీస్తుందని ఆ అనుభవం హెచ్చరిస్తుంది.

1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి దాదాపు కోటి మంది వచ్చారు. ప్రపంచం సాయం చేసింది, కానీ ఖర్చులో పెద్ద భాగం భారతదేశమే పెట్టుకుంది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాడుకలో ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదనే శరణార్థుల సహాయం అన్న మాట అచ్చువేసి తపాలా కార్యాలయాలకు పంపారు. టెక్కలిలో కవరు డబ్బాలో వేసినవారు కూడా త్రిపుర శిబిరాల్లో ఉన్నవారి ఖర్చులో పాలుపంచుకున్నారు. పేద దేశపు పేదలు కూడా బాధ్యత పంచుకోగలరనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

చట్టం లేనందువల్ల ఈ ఔదార్యం అందరికీ ఒకేలా అందదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే చూసుకుంటుంది. మిగతా చాలామందికి ఢిల్లీలోని హైకమిషనర్ కార్యాలయం కార్డులిస్తుంది. వాటి విలువ అధికారుల విచక్షణ మీద ఆధారపడి ఉంటుంది. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులు కానివారికీ ఉందని చెప్పి వారిని కాపాడింది. 2021లో రోహింగ్యాల కేసులో తిప్పి పంపడాన్ని ఆపడానికి నిరాకరించింది. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉన్న రోహింగ్యా కుటుంబాల భవిష్యత్తు ఈ రెండింటి మధ్య ఊగుతోంది. 2017 ఆగస్టు తర్వాత వారి తోటివారు లక్షల సంఖ్యలో దాటినది అరకాన్ నుంచి చిట్టగాంగ్ వైపు సరిహద్దునే. 1942లో తెలుగు కూలీలు దాటినదీ అదే.

2018 ఒప్పందం, మిగిలిన పని

2018 డిసెంబరు 17న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ శరణార్థులపై ప్రపంచ ఒప్పందాన్ని 181 ఓట్లతో ఆమోదించింది. అమెరికా, హంగరీ వ్యతిరేకించాయి. ఆతిథ్య దేశాల భారం తగ్గించడం, శరణార్థులు తమ కాళ్ళ మీద నిలబడేలా చూడటం, మూడో దేశాల్లో స్థిరపడే అవకాశాలు పెంచడం, క్షేమంగా తిరిగి వెళ్ళే పరిస్థితులు కల్పించడం దాని నాలుగు లక్ష్యాలు. నాలుగేళ్ళకోసారి జరిగే ప్రపంచ శరణార్థుల వేదిక మీద దేశాలు వాగ్దానాలు చేస్తాయి. మొదటిది 2019లో, రెండోది 2023లో జెనీవాలో జరిగాయి. అయితే ఈ ఒప్పందానికి చట్టబద్ధత లేదు. మాట తప్పినవారిని అడిగే యంత్రాంగమూ లేదు.

చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. భారతదేశానికి ఒక శరణార్థి చట్టం కావాలి. 1997లో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలో దక్షిణాసియా ప్రముఖులు తయారుచేసిన నమూనా చట్టం ఇప్పటికీ అందుబాటులో ఉంది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల మధ్య ప్రాంతీయ ఒప్పందం కావాలి. ఆసియా, ఆఫ్రికా దేశాల న్యాయ సంప్రదింపుల సంస్థ 1966లో బ్యాంకాక్‌లో రూపొందించి, 2001లో న్యూఢిల్లీలో సవరించిన సూత్రాల్లో భారం పంచుకోవడం గురించి ఇప్పటికే రాసి ఉంది. ఎవరు ముందు తావు ఇస్తారు, ఎవరు డబ్బు ఇస్తారు, ఎవరు ఎందర్ని శాశ్వతంగా తీసుకుంటారు అన్నది ఆపద రాకముందే తేలాలి. ఆశ్రయం ఇచ్చే ఊళ్ళోని పేదలకు కూడా ఆ సాయంలో భాగం ఉండాలి. రంగూన్ రేవులో ఇద్దరు పేదల మధ్య పెట్టిన పోటీ ఎటు దారి తీసిందో మరువరాదు.

ఉద్దానం ఊళ్ళు చేయగల పని కూడా ఒకటుంది. రంగం వెళ్ళి తిరిగి రాని మనిషి పేరు ఇక్కడ ఎన్నో ఇళ్ళలో ఇంకా పెద్దల నోట ఉంది. ఆ పేరు, ఊరు, ఎక్కిన రేవు, వెళ్ళిన సంవత్సరం గుర్తున్నంత మేరకు ప్రతి పంచాయతీలో, ప్రతి పాఠశాలలో రాసి పెట్టాలి. 1942లో ప్రభుత్వాలు చేయని లెక్క ఇది. చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు గనుక ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.